మాగ్నమ్ తూటా మన చేనుకు పనికొస్తుందా?

మక్క కంకి పాలు పోసుకునే రోజులొస్తే దౌల్తాబాద్ మండలంలో రైతుకు రాత్రి నిద్ర ఉండదు. అడవి పందుల మంద ఒక్కసారి చేనులో దూరిందంటే తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. తెల్లారి చూస్తే సాళ్లకు సాళ్లు నేలపాలై ఉంటాయి. డబ్బాలు కొట్టి, పటాకులు కాల్చి, మంచె మీద జాగారం చేసి విసిగిన రైతు నోట చివరకు వచ్చే మాట ఒకటే: "ఒక తుపాకీ ఉంటే పీడ పోవు గదా!"

తుపాకీ మాట రాగానే ఈ మధ్య కుర్రవాళ్లు అందుకుంటున్న ఇంకో మాట మాగ్నమ్. సినిమాల్లో చూసి, విని, "మాగ్నమ్ రివాల్వర్ ఉంటే పంది ఒక్క దెబ్బకే పడుతుంది" అంటున్నారు. .357 మంచిదా, .44 మంచిదా అని వాదులాడుకుంటున్నారు కూడా. తుపాకీ మీద సరదా ఉండటంలో తప్పు లేదు. కానీ చేను కాపలాకు తూటా ఎంచుకోవడం సరదా వ్యవహారం కాదు. తప్పు తూటా పందిని కాకుండా పక్క చేను మంచె మీద పడుకున్న మనిషిని తాకవచ్చు. పాత తుపాకీలో తప్పు తూటా వేస్తే కాల్చేవాడి చేతిలోనే గొట్టం పగలవచ్చు. అందుకే ఈ మాగ్నమ్ కథేమిటో, మన చెలకకు ఏది సరిపోతుందో వివరంగా చూద్దాం.

మాగ్నమ్ అంటే ఏమిటి?

తూటా అంటే ఒక్క గుండే కాదు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే క్యాపు, లోపల మందు, మూతి దగ్గర సీసపు గుండు, ఈ నాలుగూ కలిస్తే తూటా. మాగ్నమ్ అనేది లాటిన్ మాట. పెద్దది అని అర్థం. మామూలు సీసాకు రెండింతలు పట్టే షాంపేన్ సీసాను కూడా మాగ్నమ్ అనే అంటారు. తూటాలకు ఈ పేరు అక్కడి నుంచే వచ్చిందంటారు. అదే బోరులో మామూలు తూటా కంటే ఎక్కువ బలం ఉన్నదానికి మాగ్నమ్ అని పేరు పెట్టారు.

రివాల్వర్లలో మొదటి మాగ్నమ్ తూటా 1935లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ తెచ్చిన .357. అంతకుముందు అక్కడి పోలీసులు .38 స్పెషల్ అనే తూటా వాడేవారు. నేరగాళ్లు మోటారు కార్ల చాటున, ఛాతీ కవచాల చాటున దాక్కోవడం మొదలుపెట్టాక .38 చాలడం లేదని దాన్నే బలపరిచారు. పేర్లు వేరైనా ఈ రెండింటి గుండు లావు ఒకటే. తేడా అల్లా గొట్టం పొడవులో, మందు బలంలో ఉంది. .357 గొట్టాన్ని సుమారు 3 మిల్లీమీటర్లు పొడవు చేశారు. ఎందుకు? బలమైన తూటా పొరపాటున కూడా పాత, బలహీనమైన .38 రివాల్వర్లలో దూరకూడదని. ఈ చిన్న జాగ్రత్తను గుర్తుపెట్టుకోండి. ముందు ముందు దీనితో మనకు పని ఉంది.

తర్వాత 1955 చివర్లో .44 మాగ్నమ్ వచ్చింది. దాని వెనక ఎల్మర్ కీత్ అనే ఆయన పట్టుదల ఉంది. ఆయన పశువులు కాసుకునే రాంచి మనిషి, తుపాకుల మీద పుస్తకాలు రాసినవాడు. 1971లో వచ్చిన 'డర్టీ హ్యారీ' సినిమాతో .44 పేరు ప్రపంచమంతా మోగింది. ఈ రెంటి నడుమ బలంతో 1964లో .41 మాగ్నమ్, 2003లో వీటన్నిటినీ మించిన .500 మాగ్నమ్ వచ్చాయి.

దెబ్బ ఎంత? బస్తా లెక్కలో

తూటా బలాన్ని పుస్తకాల్లో జౌళ్లలో చెబుతారు. మనం బస్తా లెక్కలో చెప్పుకుందాం. ఒక కిలో బరువును మీటరు ఎత్తుకు లేపడానికి దాదాపు 10 జౌళ్లు కావాలి.

మన దేశంలో లైసెన్సుదార్ల దగ్గర ఎక్కువగా కనిపించే రివాల్వర్ .32 బోరుది. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారైంది ఇదే. దీని గుండు బరువు 6 గ్రాముల పైచిలుకు. బలం సుమారు 150 జౌళ్లు. అంటే 15 కిలోల మూటను మీటరు ఎత్తుకు లేపినంత.

.357 మాగ్నమ్ గుండు బరువు 10 గ్రాములు. సెకనుకు సుమారు 375 మీటర్ల వేగంతో పోతుంది. బలం 700 జౌళ్లకు పైన. 70 కిలోల వడ్ల బస్తాను మీటరు ఎత్తుకు లేపినంత. .44 మాగ్నమ్ గుండు 15 గ్రాముల పైచిలుకు, బలం 1000 జౌళ్లు, అంటే క్వింటాలు లెక్క. గొట్టం పొడవు, మందు రకం బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి.

ఇప్పుడు మన ఊళ్లలో తాతల నాటి నుంచి తెలిసిన పన్నెండు బోరు తుపాకీ సంగతి చూడండి. పెద్ద గుండ్లు నింపిన ఒక్క తూటాలో సీసం 30 గ్రాముల దాకా ఉంటుంది. అది సెకనుకు 380 మీటర్ల వేగంతో బయటికొస్తే మొత్తం బలం 2000 జౌళ్లు దాటుతుంది. అంటే రెండు క్వింటాళ్లు! సినిమాలో హీరో పట్టుకున్న .44 మాగ్నమ్‌కు రెండింతలు. మూలన పడి ఉన్న జోడు నాలి తుపాకీ ముందు మాగ్నమ్ రివాల్వర్ చిన్నదే అన్నమాట. చేతిలో పట్టే ఆయుధాల్లో అది పెద్దది గానీ, భుజానికి ఆనించే తుపాకుల ముందు పెద్దది కాదు.

రివాల్వర్ తూటాల్లో మెచ్చదగింది ఏది?

ఒట్టి తూటా సంగతే అడిగితే, మాగ్నమ్‌లలో అందరికీ అనువైంది .357 అనే చెప్పాలి. కారణం దాని బలం కాదు, దాని ఒద్దిక. .357 రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటా కూడా పేలుతుంది. గురి నేర్చుకునేటప్పుడు తక్కువ అదురు ఉండే .38 వాడుకోవచ్చు, అవసరమైనప్పుడు .357 వేసుకోవచ్చు. .44తో ఇబ్బంది వేరు. అదురు ఎక్కువ, పేలినప్పుడు చెయ్యి పైకి లేస్తుంది, రెండో గుండు గురికి రావడానికి సమయం పడుతుంది. బలం చూసి .44 కొని, రెండుసార్లు కాల్చి పక్కన పెట్టినవాళ్లు అమెరికాలోనే చాలామంది ఉన్నారు. గురి తప్పిన క్వింటాలు దెబ్బ కంటే గురికి తగిలిన చిన్న దెబ్బ మేలు. ఏ తుపాకీకైనా ఇదే సూత్రం.

అయితే మన దేశంలో ఇది చాలా వరకు మాటల వరకే. 1980ల నడుమ నుంచి మామూలు పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. ఇక్కడ కనిపించే మాగ్నమ్ రివాల్వర్లు ఎక్కువగా అంతకుముందు వచ్చినవే, చేతులు మారుతూ లక్షల ధర పలుకుతున్నవే. వాటి తూటాలు దొరకడమూ కష్టమే, ధరా ఎక్కువే.

అక్కడి రాంచి వేరు, మన చెలక వేరు

"అమెరికాలో రైతులు మాగ్నమ్ రివాల్వర్లతో పందుల్ని కాలుస్తారు గదా, మనకెందుకు పనికిరాదు?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు తూటాలో లేదు, నేలలో ఉంది.

అక్కడ ఒక్కో రాంచి వందలు, వేల ఎకరాలు. గుర్రం మీదో, బండి మీదో పోతూ నడుముకు రివాల్వర్ కట్టుకుంటారు. కనుచూపు మేర ఇంకో మనిషి ఉండడు. మన దగ్గర రెండెకరాల చేను, దాని పక్కన ఇంకొకరి రెండెకరాలు. ఈ మంచె నుంచి కేకేస్తే ఆ మంచె మీద మనిషి పలుకుతాడు. బాయి కాడ గుడిసె, గుడిసె ముందు పశువులు, కల్లం కాడ పడక. రాత్రి కరెంటుకు మోటరు పెట్టడానికి పోయే మనిషి ఎటు నుంచి వస్తాడో తెలియదు.

.357 గుండు ఏదీ అడ్డు రాకుంటే దాదాపు 2 కిలోమీటర్లు పోయి పడుతుంది. అంటే మీ చేనులో పేల్చిన గుండు పక్క ఊరి పొలిమేర దాటవచ్చు. అది అంత దూరం ఎవర్నీ తాకకుండా పోతుందని హామీ ఎవరిస్తారు? పైగా మన నేలలో రాతిగుట్టలు, బండలు ఎక్కువ. గుండు బండకు ఏటవాలుగా తగిలితే దారి మళ్లి ఎటైనా దూసుకుపోతుంది. చెరువు నీళ్ల మీద కూడా అలాగే ఎగిరి పోతుంది.

ఇంకో సంగతి. రివాల్వర్ గొట్టం పొట్టి. పగలు, కదలని బోర్డు మీద 20 మీటర్ల దూరంలో గురి పెట్టడానికే నెలల సాధన కావాలి. రాత్రిపూట, టార్చి వెలుగులో, పరుగెత్తే పంది మీద, అప్పుడే నిద్ర లేచిన మనిషి ఎంత గురి పెట్టగలడు? మాగ్నమ్ పేలినప్పుడు మూతి దగ్గర పెద్ద మంట లేస్తుంది. చీకట్లో ఆ మంటకు కళ్లు బైర్లు కమ్ముతాయి. దెబ్బ తిన్న పంది అప్పుడే మీదికి వస్తే ఏమీ కనపడదు. పెద్ద మగ పంది క్వింటాలు దాకా తూగుతుంది. దాని భుజాల మీద చర్మం కింద గట్టి పొర ఉంటుంది. సరిగా తగలని గుండు దాన్ని చంపదు, రెచ్చగొడుతుంది.

చట్టం ఏమంటుంది?

1959 నాటి ఆయుధాల చట్టం పంట కాపలా సంగతి విడిగానే చెప్పింది. నిజంగా పంట కాపాడుకోవడానికి మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చు. అది చాలదని అధికారి భావిస్తే, గొట్టం 20 అంగుళాలకు తక్కువ కాని నున్నటి గొట్టపు తుపాకీకి, అంటే పన్నెండు బోరు వంటి దానికి, ఇవ్వవచ్చు. ఇందులో రివాల్వర్ ఊసే లేదు. రివాల్వర్ కావాలంటే ప్రాణరక్షణ వంటి గట్టి కారణం చూపించుకోవాలి. అది వేరే దారి. "పందుల కోసం రివాల్వర్" అని దరఖాస్తు పెట్టుకుంటే లాభం లేదు.

లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు, పోలీసు కమిషనరేట్ ఉన్న చోట ఆ అధికారం ఉన్న కమిషనరు. మన సిద్దిపేటలో కమిషనరేట్ ఉంది కాబట్టి ముందు మీ పోలీసు స్టేషనులో అడిగి దరఖాస్తు దారి తెలుసుకోండి. వయసు 21 నిండాలి. పోలీసు విచారణ ఉంటుంది. 2016 నిబంధనల ప్రకారం తుపాకీ వాడకంలో, భద్రతలో శిక్షణ పొందినట్టు పత్రం కూడా కావాలి. 2019 సవరణతో లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. ఒక మనిషి పేర ఉండగల తుపాకుల సంఖ్య 3 నుంచి 2కు తగ్గింది.

నాయన పేరు మీద ఉన్న తుపాకీ నాయన పోయాక కొడుకుది అయిపోదు. లైసెన్సు మనిషితో పోతుంది. వెంటనే పోలీసు స్టేషనులోనో, లైసెన్సు ఉన్న దుకాణంలోనో తుపాకీ అప్పగించి రసీదు తీసుకోవాలి. తర్వాత తమ పేర దరఖాస్తు చేసుకోవాలి. "ఇంట్లోనే ఉంది గదా, ఎవరికి తెలుస్తుంది" అని అటక మీద పెట్టినా నేరమే.

పన్నెండు బోరులో ఏ తూటా?

బోరు అంటే మనకు బోరుబావి. తుపాకీకి బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. పన్నెండు బోరు అనే లెక్క విచిత్రమైంది. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గోళీలు పన్నెండు తూస్తే ఒక పౌను అవుతుంది. అందుకే ఆ పేరు. అంకె పెరిగిన కొద్దీ గొట్టం సన్నం అవుతుంది. 20 బోరు 12 కన్నా చిన్నది.

ఈ తుపాకీ తూటాల్లో లోపలి గుండ్ల సైజు బట్టి రకాలున్నాయి. మనకు పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారంలో తయారైన శక్తిమాన్ తూటాలు చాలాకాలంగా పరిచయం. డబ్బా మీద రాసిన అక్షరం చూసి కొనాలి.

ఎల్‌జీ: గుండు లావు సుమారు 9 మిల్లీమీటర్లు. తూటాకు ఆరు, ఆపైన గుండ్లు. ఒక్కో గుండు నాలుగున్నర గ్రాములకు పైన తూగుతుంది. ఒక్క గుండు బలమే .32 రివాల్వర్ తూటాకు రెండింతలు. అడవి పంది వంటి పెద్ద జంతువుకు చెప్పే తూటా ఇదే.

ఎస్‌జీ: గుండు సుమారు 8.5 మిల్లీమీటర్లు. సంఖ్య కొంచెం ఎక్కువ. దగ్గరి దూరంలో ఇది కూడా పని చేస్తుంది.

బీబీ, 1, 4, 6 నంబర్లు: అంకె పెరిగిన కొద్దీ గుండు చిన్నది. ఇవి పిట్టల కోసం పుట్టిన తూటాలు. పంది మీద వీటిని వాడటం పాపం. చావదు, పుండ్లు పడి నెలల తరబడి బాధపడుతుంది, మనుషుల మీదికి వస్తుంది.

ఒంటి గుండు: తూటాకు ఒకటే పెద్ద గుండు. బలం 3000 జౌళ్ల దాకా ఉంటుంది. కానీ కిలోమీటరు దాటి పోగలదు. కాబట్టి ఇళ్లూ, మంచెలూ ఉన్న చోట దీనికీ రివాల్వర్ గుండుకూ ప్రమాదంలో తేడా లేదు.

ఎల్‌జీకి ఒక మంచి గుణం ఉంది. గోళీలా గుండ్రంగా ఉండే గుండు గాలిలో త్వరగా వేగం పోగొట్టుకుంటుంది. దీనికి ఒక పాత లెక్క ఉంది. గుండు లావులో ఒక్కో మిల్లీమీటరుకు సుమారు 80 మీటర్ల చొప్పున అది పోగల గరిష్ఠ దూరం. అంటే ఎల్‌జీ 700 మీటర్ల పైచిలుకు దూరంలో, 6 నంబరు 200 మీటర్ల చుట్టుపక్కల పడిపోతాయి. రెండు కిలోమీటర్ల మాగ్నమ్ గుండుతో పోల్చండి. అలాగని ఎల్‌జీ ఆట వస్తువు కాదు. 700 మీటర్లంటే మన దగ్గర పది మంది చేన్లు.

గుండ్లు పోయిన కొద్దీ విడిపోతాయి. మామూలు గొట్టంలో మీటరు దూరానికి రెండున్నర సెంటీమీటర్ల చొప్పున విచ్చుకుంటాయని లెక్క. 30 మీటర్ల దగ్గర ఆ వెడల్పు ముప్పావు మీటరు అవుతుంది. ఆరు గుండ్లు అంత జాగాలో చెల్లాచెదురైతే పందికి రెండు తగలడమూ కష్టమే. కాబట్టి 25, 30 మీటర్లు దాటితే కాల్చకూడదు. మిగతా గుండ్లు ఎటు పోతాయో అదీ మన బాధ్యతే.

ఇక్కడా ఒక మాగ్నమ్ ఉంది, జాగ్రత్త!

మాగ్నమ్ ప్రమాదం రివాల్వర్‌తో అయిపోలేదు. పన్నెండు బోరులోనూ మాగ్నమ్ తూటాలున్నాయి. మామూలు తూటా పొడవు 70 మిల్లీమీటర్లు. మాగ్నమ్ 76 మిల్లీమీటర్లు, అంటే 3 అంగుళాలు. ఇక పాత విలాయతీ తుపాకులు చాలావరకు 65 మిల్లీమీటర్ల తూటా కోసం చేసినవి.

ఇక్కడే మోసం ఉంది. తూటా మీద రాసే పొడవు పేలిన తర్వాతి పొడవు. పేలకముందు మూతి ముడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉంటుంది. అందుకే 70 మిల్లీమీటర్ల తూటా 65 మిల్లీమీటర్ల గదిలో చక్కగా పడుతుంది, తుపాకీ మూతపడుతుంది. "పట్టింది గదా" అనుకుంటాం. పేలినప్పుడు ముడిచిన మూతి విచ్చుకోవడానికి జాగా ఉండదు. అది గొట్టంలోకి పొడుచుకొచ్చి దారి ఇరుకు చేస్తుంది. లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. పాత గొట్టం చీలితే కాల్చేవాడి ఎడమ చెయ్యి పోతుంది, కన్ను పోవచ్చు.

.357 చేసినవాళ్లు గొట్టం పొడవు పెంచి, పాత తుపాకీలో దూరకుండా ఆపారని ముందు చెప్పుకున్నాం. పన్నెండు బోరులో ఆ అడ్డు లేదు. తప్పు తూటా కూడా దూరుతుంది. ఆపేది మన కళ్లే. కాబట్టి గొట్టం అడుగున చెక్కిన అంకె చూడండి. 65 లేదా రెండున్నర అంగుళాలు అని ఉంటే 70 తూటా వేయకూడదు. 70 లేదా రెండు ముప్పావు అంగుళాలు అని ఉంటే మాగ్నమ్ వేయకూడదు. అంకె చెరిగిపోయి ఉంటే లైసెన్సు ఉన్న మరమ్మతుదారుకు చూపించి కొలిపించండి. మెలితిప్పిన ఇనుప పట్టీల గుర్తులు పాములా కనిపించే పాత గొట్టాలు నల్లమందు కాలం నాటివి. వాటిలో ఇప్పటి తూటాలు అసలే వద్దు.

ఇలాంటిదే ఇంకొకటి. 20 బోరు తూటా 12 బోరు గొట్టంలో జారిపోయి మధ్యలో ఇరుక్కుంటుంది. బయటికి గొట్టం ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక 12 తూటా పెట్టి పేలిస్తే రెండూ కలిసి గొట్టాన్ని చీలుస్తాయి. ఈ రెండు రకాలను ఒకే సంచిలో ఎప్పుడూ పెట్టకూడదు. 20 బోరు తూటాలకు పసుపు రంగు వేసే ఆచారం ఈ ప్రమాదం వల్లే వచ్చింది.

తుపాకీ లైసెన్సు పందిని కాల్చే లైసెన్సు కాదు

చాలామంది తడబడేది ఇక్కడే. తుపాకీకి ఇచ్చే లైసెన్సు ఆయుధాల చట్టం కింద. పందిని కాల్చడానికి కావాల్సిన అనుమతి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక అడవి పంది ఆ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. మనుషుల ప్రాణానికి గానీ, నిలిచి ఉన్న పంటకు గానీ ప్రమాదమైనప్పుడు ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి, కారణం చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. నోటి మాట చెల్లదు. తెలంగాణలో అటవీ శాఖ ఆమోదించిన షూటర్ల చేత పందుల్ని కాల్పించే పద్ధతి ఉంది. ఊరంతా కలిసి నష్టం వివరాలతో అటవీ రేంజి అధికారికి దరఖాస్తు పెట్టుకోవడం ఒక్కొక్కరూ తుపాకీ పట్టడం కన్నా మేలు.

చంపిన పంది ప్రభుత్వ ఆస్తి. కోసి పంచుకోవడం, అమ్మడం నేరం. అనుమతి లేకుండా వేటాడితే 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. చీకట్లో పంది అనుకుని కాల్చింది నెమలి అయితే సంగతి ఇంకా తీవ్రం. నెమలి మొదటి షెడ్యూలులో ఉంది.

నాటు తుపాకీ, కరెంటు తీగ వద్దే వద్దు

లైసెన్సు తిప్పలు పడలేక కొందరు నాటు తుపాకుల వైపు చూస్తారు. నీళ్ల పైపుతో చేసిన గొట్టం ఎంత ఒత్తిడి ఆపుతుందో చేసినవాడికే తెలియదు. 2019 సవరణ తర్వాత అక్రమంగా తుపాకీ తయారు చేస్తే కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా శిక్ష. దగ్గర పెట్టుకున్నా జైలే.

చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం దీనికన్నా ఘోరం. పంది కోసం పెట్టిన తీగకు పొద్దున నీళ్లు కట్టడానికి వచ్చిన రైతే బలైన వార్తలు ఏటా చదువుతున్నాం. తీగ గుండు కన్నా ప్రమాదం. గుండు పేల్చినవాడు ఒక్క క్షణమైనా చూసి పేలుస్తాడు. తీగ చూడదు.

తుపాకీ లేకుండా చేసేవి

పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పిన ఉపాయాలు చాలావరకు దీని మీదే ఆధారపడ్డాయి. మక్క చుట్టూ నాలుగు వరుసల ఆముదం, పల్లి చుట్టూ ముళ్ల కుసుమ వేస్తే పంటకు పంట, అడ్డుకు అడ్డు. గట్టుకు అడుగు దూరంలో, అడుగుకో వరుస చొప్పున మూడు వరుసల ముళ్లతీగ కట్టవచ్చు. మంగలి దుకాణం నుంచి తెచ్చిన వెంట్రుకలు గట్ల వెంట చల్లితే వాసన చూసుకుంటూ వచ్చే పంది ముక్కులోకి పోయి ఇబ్బంది పెడతాయి. వానపడితే మళ్లీ చల్లాలి. ఒకప్పుడు గుళికల మందు ఫోరేట్ పొట్లాలు కట్టమనేవారు. ఆ మందు 2020 చివరితో మన దేశంలో నిషేధమైంది. ఇప్పుడు ఎవరు చెప్పినా వినవద్దు.

ఏ ఉపాయమైనా ఒక్క చేనుకే చేస్తే పందులు పక్క చేనులో పడతాయి. నాలుగైదు చేన్ల రైతులు కలిసి చేస్తేనే ఫలితం. ఒకే ఉపాయం సీజనంతా పనిచేయదు. మార్చి మార్చి వాడాలి.

లైసెన్సు తుపాకీ ఉన్నవారు గుర్తుంచుకోవాల్సినవి

* తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకోచోట, రెండూ తాళం వేసి పెట్టాలి. పిల్లలకు తాళం చెవి జాడ తెలియకూడదు.

* తూటాలను బాయి కాడి గుడిసెలో, ఎరువుల బస్తాల పక్కన పెట్టవద్దు. తేమ పట్టి ఉబ్బిన తూటా, అడుగున పచ్చటి చిలుము పట్టిన తూటా వాడవద్దు. దుకాణంలోనో, స్టేషనులోనో అప్పగించాలి.

* మీట నొక్కినా పేలకపోతే వెంటనే తెరవవద్దు. మూతిని మనుషులు లేని దిక్కుకు పెట్టి అర నిమిషం ఆగాలి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

* మంచె ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, గట్టు దాటేటప్పుడు తూటాలు తీసేయాలి.

* చప్పుడు విని కాల్చవద్దు. కదిలే ఆకు వెనక ఉన్నది పందో, బయటికి పోయిన మనిషో తేలేదాకా వేలు మీట మీదికి పోకూడదు.

* పెళ్లిలో, జాతరలో గాలిలోకి కాల్చడం 2019 నుంచి విడిగా నేరం. 2 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

* ఎన్నికల వేళ పోలీసులు అప్పగించమంటే అప్పగించి రసీదు తీసుకోవాలి.

తూటా కొనేముందు దాని బలం ఎంతని అడగడం సహజమే. దాంతోపాటు గురి తప్పితే అది ఎక్కడ పడుతుందని కూడా అడగాలి. పంట పోతే వచ్చే కారుకు మళ్లీ విత్తుకుంటాం. పక్క మంచె మీద మనిషి పోతే ఏ కారుకూ తిరిగి రాడు.